బొగ్గు బూడిదతో ఇంటి మెరక – నేత ఇంట ఆలోచింపవలసిన సంగతులు

విద్యుత్ కేంద్రములలో బొగ్గు కాలగా మిగిలిన బూడిద ఈ మధ్య మన నేత పేటల వరకు వచ్చుచున్నది. ఇటుకల రూపమున వచ్చుచున్నది, పల్లపు స్థలములను మెరక చేయుటకు లారీలలో విడిగాను వచ్చుచున్నది. సేలం వైపు వారికి మెట్టూరు కేంద్రము, షోలాపురం వారికి ఆహేర్‌వాడి కేంద్రము, రాయచూరు వైపు వారికి శక్తినగర్ కేంద్రము దగ్గరలో ఉన్నవి. "ఈ బూడిద మంచిదా, చెడ్డదా?" అని సభ్యులు అడుగుచున్నారు. ఆ విధముగా అడిగిన జవాబు దొరకదు. ఒక రంగు మంచిదా చెడ్డదా అని అద్దకమువానిని అడిగిన ఏమి చెప్పును? ఏ నూలుకు, ఏ నీటిలో, ఆ బట్ట తరువాత ఎట్లు ఉతుకుదురు అని తిరిగి అడుగును. బూడిదను గూర్చియు అట్లే అడుగవలెను. అది ఎక్కడ ఉండబోవుచున్నది? దానికి నీరు తగులునా? తగిలిన నీరు ఎక్కడికి పోవును?

ముందుగా ఒక భ్రమ తొలగవలెను. మన ఇండ్లలో బూడిదకు గౌరవమున్నది. కట్టెల పొయ్యి బూడిదతో అంట్లు తోమినాము, వంగ మొక్కలపై చల్లినాము. తేలియా రుమాలుకు నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోను నూనెలోను దినముల తరబడి నానబెట్టి పిసికినవారు మన నేతవారే. కాని అది చెట్టు బూడిద. చెట్టు తన పోషణకు మన్నులోనుండి తీసికొన్న క్షారము అందులో ఉండును. బొగ్గు బూడిద అట్టిది కాదు. బొగ్గుతో కలిసి గని నుండి వచ్చిన రాయి, మన్ను కాలిపోక మిగిలినదే అది. అందులో హెచ్చు భాగము సిలికా, అల్యూమినా. కొంత ఇనుము, కొద్దిగా సున్నము. మన దేశపు బొగ్గులో ఈ మన్ను పాలు చాల హెచ్చు. కేంద్రములకు వచ్చు బొగ్గు నూరు టన్నులు కాల్చిన 30 నుండి 45 టన్నుల వరకు బూడిదయే మిగులును. బరువైన తునకలు కొలిమి అడుగున పడును. మెత్తనిది పొగతోపాటు ఎగిరిపోవుచుండగా విద్యుత్తు పెట్టిన రేకుల మధ్య పట్టుదురు. దానిని ఎగురు బూడిద అందురు. మన ఇండ్లకు వచ్చునది సామాన్యముగా ఇదే.

బొగ్గులో స్వల్పముగా ఆర్సెనిక్ (పాషాణము), సీసము, క్రోమియమ్, సెలీనియమ్, బోరాన్, మాలిబ్డినమ్ వంటివి కూడ ఉండును. నూరు టన్నులు కాలి 35 టన్నులు మిగిలినప్పుడు, ఎగిరిపోని పదార్థములన్నియు ఆ 35 లోనే నిలుచును. గంజి కాచినకొద్దీ చిక్కబడినట్లు, బొగ్గులో ఉన్నదానికి సుమారు మూడు రెట్లు చిక్కబడును. బూడిదను విషమని భయపెట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఊరి మన్నులోను ఇవన్నియు కొద్దికొద్దిగా ఉండును. అయితే మన్ను వేల సంవత్సరములు వానలకు తడిసి, దిగవలసినది దిగిపోయి నిలిచినది. బూడిద నిన్న కొలిమిలోనుండి వచ్చినది.

ఇంత సరకు ఉచితముగా ఎందుకు ఇచ్చుచున్నారు? ఇది అడుగకుండ ఏ సరకును మనము తీసికొనము గదా. 2021-22లో మన దేశపు విద్యుత్ కేంద్రములలో పుట్టిన బూడిద సుమారు 27 కోట్ల టన్నులు. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ, ఇటుకలకు పొలముల పైమన్ను తవ్వుట తగ్గించి బూడిదను వాడించుటకు మొదటి ఉత్తర్వు చేసినది. 2021 డిసెంబరు 31 ఉత్తర్వు నూటికి నూరుపాళ్లు వాడకము కావలెనని కేంద్రములపై విధించి, వాడకుండ మిగిల్చిన ప్రతి టన్నుకు 1000 రూపాయల పరిహారము నిర్ణయించినది. కావున బూడిదను వదిలించుకొనుట ఇచ్చువారికి అవసరము. అందులో తప్పు లేదు. బూడిదను చెరువులలో నిలువచేయుట ఎంత ప్రమాదమో 2020 ఏప్రిల్ 10న సింగ్రౌలి జిల్లా సాసన్ వద్ద తెలిసినది. గట్టు తెగి బురద పొంగి ఆరుగురు చనిపోయిరి. బూడిద చెరువులు తగ్గవలసినదే, పొలముల పైమన్ను మిగులవలసినదే. బూడిదను అసలు వాడరాదనువారితో నేను ఏకీభవింపను.

కాని లెక్కలలో ఒక చిక్కు ఉన్నది. 1996-97లో నూటికి పది పాళ్లయినను వాడకములోనికి రాని బూడిద, 2021-22 నాటికి సుమారు 96 పాళ్లు వాడబడినదని ప్రభుత్వపు పట్టికలు చూపుచున్నవి. ఈ వాడకము అను మాట క్రింద సిమెంటులో కలిసినది, ఇటుక అయినది, పల్లములో పోసినది, పాత గనిలో నింపినది అన్నియు చేరినవి. సిమెంటులో కలిసిన టన్నుకు, గుంటలో పోసిన టన్నుకు పట్టికలో ఒకే విలువ. మన బావికి మాత్రము ఒకే విలువ కాదు.

ఈ తేడా తెలియుటకు మన వృత్తిలోని పరీక్షయే చాలును. రంగువేసిన చిలప నూలు పక్కా రంగో కాదో ఎట్లు చూతుము? తడిపి, తెల్లగుడ్డలో చుట్టి పిండి, గుడ్డకు మరక అంటినదా అని చూతుము. బూడిదను ప్రయోగశాలలో ఇట్లే చూతురు. హెచ్చుగా వాడుకలోనున్న ఒక పద్ధతిలో బూడిదకు 20 రెట్లు ద్రవము పోసి, 18 గంటలు గిరగిర త్రిప్పి, వడకట్టి, ఆ నీటిలో ఏమి దిగినదో కొలుతురు. ఆ ద్రవము మాత్రము వట్టి నీరు కాదు, వెనిగారులోనుండు ఆమ్లము కలిపిన పుల్లని నీరు. పట్టణపు చెత్తకుప్పలో ఊరు పులుపును అనుకరించుటకు ఆ పద్ధతి ఏర్పడినది.

ఇక్కడ అద్దకము తెలిసినవారు వెంటనే ఒక ప్రశ్న వేయవలెను. వట్టినీటిలో దిగని రంగు సోడానీటిలో దిగును, సోడాలో నిలిచిన రంగు పులుపులో పోవును. మరి ఒక్క పుల్లని నీటిలో చూచి, ఏ నీటిలోను దిగదని చెప్పవచ్చునా? చెప్పరాదు. సీసము, కాడ్మియమ్ వంటివి పులుపులో హెచ్చుగా దిగును. ఆర్సెనిక్, సెలీనియమ్, మాలిబ్డినమ్ వంటివి క్షారపు నీటిలో కూడ, కొన్నిమారులు పులుపులో కంటె హెచ్చుగా, దిగును. అందువలన అమెరికా పర్యావరణ సంస్థ పులుపు మొదలు గట్టి క్షారము వరకు పలు మెట్లలో బూడిదను పరీక్షించు క్రొత్త పద్ధతులను తరువాత ప్రచురించినది. మనవారికి ఇందులో ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉన్నది. రంగువేయు ఇండ్లలో సోడా, కాస్టిక్ కలిసిన నీటిని పెరటిలోనే పారబోయు అలవాటు ఇంకను పోలేదు. అట్టి పెరడు బూడిదతో మెరక చేసినదైనచో, ఆర్సెనిక్ దిగుటకు అనుకూలమైన నీటిని మనమే దినదినము పోయుచున్నట్లగును. ప్రయోగశాల కాగితములో అంతయు హద్దులోనే ఉన్నదని వ్రాసినను, ఆ పరీక్ష ఇట్టి పెరటిని ఉద్దేశించి చేసినది కాదు.

దిగునది కొద్దిగనే గదా అందురు. నిజమే, ఒక్క చేటెడు బూడిదలో నుండి దిగునది స్వల్పమే. ఒక ఎకరము నేలను మూడడుగులు మెరక చేయుటకు ఎంత కావలెనో లెక్క వేయుడు. సుమారు 4 వేల టన్నులు పట్టును. టన్నుకు 5 గ్రాములు ఆర్సెనిక్ ఉన్నదనుకొన్నను మొత్తము 20 కిలోలు. అంతయు దిగదు. నూటికి ఒక పాలు దిగినదనుకొనుడు, అది 200 గ్రాములు. త్రాగునీటిలో ఆర్సెనిక్‌కు మన దేశపు ప్రమాణము లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అనగా లక్ష లీటర్లకు ఒక్క గ్రాము. ఆ 200 గ్రాములు రెండు కోట్ల లీటర్ల నీటిని హద్దు వరకు తీసికొనిపోగలవు. ఇది నేను ఉదాహరణకు వేసిన లెక్క మాత్రమే. నిజమైన స్థలములో మన్ను కొంత పట్టి ఉంచును, దిగుట కొన్ని సంవత్సరములు సాగును, బూడిద బూడిదకు పాళ్లు మారును. "కొద్దిగనే" అను మాటను టన్నులతో గుణించి చూడవలెనని తెలుపుటకు వేసితిని.

ఇక ఇటుక సంగతి. బూడిదకు సున్నము, జిప్సము లేక సిమెంటు కలిపి, అచ్చుపోసి, తడుపుచు కొన్ని వారములు ఉంచినప్పుడు సిలికా సున్నముతో కలిసి రాయివలె గట్టిపడును. లోపలి పదార్థములు ఆ గట్టిదనములో చిక్కుకొనును, నీరు లోనికి చొరబడుట తగ్గును. సిమెంటులోను ఇదే జరుగును. మనము కొను పొజొలానా సిమెంటు సంచిలో నూటికి 15 నుండి 35 పాళ్లు బూడిద ఉండుటకు ప్రమాణమే అనుమతించుచున్నది. కావున బూడిద లేని ఇల్లు కట్టెదననుకొనువారు ఇదివరకే బూడిదతో కట్టియుందురు. 2014లో అమెరికా పర్యావరణ సంస్థ కాంక్రీటులో కలిపిన ఎగురు బూడిదను పరిశీలించి, దానినుండి వెలువడునవి బూడిద లేని కాంక్రీటుతో సమానముగా గాని తక్కువగా గాని ఉన్నవని తేల్చినది. రేడియో ధార్మికత ఉన్నదని కొందరు భయపడుచున్నారు. ఇంటికి వాడు గ్రానైటు రాతిలోను, ఎర్ర ఇటుకలోను ఉండుదానికి ఇది పెద్ద తేడా కాదని అమెరికా భూగర్భ సర్వే 1997లో ప్రకటించినది. గోడకు బూడిద ఇటుక వాడుటకు నాకు అభ్యంతరము లేదు. చాల చోట్ల అది ఎర్ర ఇటుక కంటె మేలు.

అయితే అది ఇటుకయై ఉండవలెను. సరిగా తడుపని ఇటుక గోరుతో గీచిన పొడి రాలును. అట్టిది బూడిద మూటయే గాని ఇటుక కాదు. ఇంటివద్ద చేయదగిన పరీక్ష ఒకటి చెప్పెదను. బాగుగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో ముంచి, పైతడి తుడిచి మరల తూచవలెను. సామాన్యపు తరగతి బూడిద ఇటుకకు నీరు పీల్చుట నూటికి 20 పాళ్లు మించరాదని ప్రమాణము. మూడు కిలోల ఇటుక 600 గ్రాముల కంటె హెచ్చు పీల్చినచో ఆ లోడు త్రిప్పి పంపవచ్చును. ఒక్క ఇటుకతో తేల్చక, లోడులో ఐదారు చోట్ల నుండి తీసి చూడవలెను. ఇటుకలు కోయునప్పుడు, గోడకు రంధ్రము చేయునప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొని నీళ్లు చల్లుకొనుట మరువరాదు. ఆ దుమ్ములోని స్ఫటిక సిలికా ఏండ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులకు క్యాన్సరు కలుగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లోనే నిర్ణయించినది. మనము నూలు దుమ్ము ఎటులైనను పీల్చుచున్నాము, దానికి ఇది తోడు కారాదు.

విడి బూడిద కథ వేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున టౌన్ ఆఫ్ పైన్స్ అను చిన్న ఊరున్నది. దగ్గరి విద్యుత్ కేంద్రపు బూడిదను అక్కడ ఒక చోట గుట్టగా పోయుటయేగాక, రోడ్లకు, ఇండ్ల ముంగిళ్లకు మెరకగా కూడ వాడిరి. ఆనాడు అది మంచి పనిగనే అందరికి తోచినది. మన్ను దొరకని చోట ఉచితముగా మెరక దొరికినది. 2000 ప్రాంతమున బావినీరు బాగులేదని ఫిర్యాదు రాగా పరీక్షించిరి. బావులలో బోరాన్, మాలిబ్డినమ్ హద్దుమించి ఉన్నవి. తుదకు ఆ ఇండ్లకు వేరొక పట్టణము నుండి నీటి గొట్టములు వేయవలసి వచ్చినది. తరువాత కొన్ని పెరళ్లలో మన్నును కూడ తవ్వి తీసివేయవలసి వచ్చినది. ఉచితముగా పోసినదానిని ఖర్చుపెట్టి తీసినారు. 2015లో ఆ దేశము చేసిన నియమము ప్రకారము, గట్టిపరచని బూడిదను 12,400 టన్నులు గాని అంతకు మించి గాని నేలపై వాడువారు, దానివలన నీటికి, మన్నుకు, గాలికి హాని లేదని ముందుగా చూపవలెను. అంతకు లోపల ఉన్న చిన్న మెరకలు ఆ లెక్కకు రావు. చిన్నవాని ఇల్లు ఎక్కడనైనను నియమమునకు అడుగుననే ఉండును.

మన దేశములో 2021 ఉత్తర్వు ప్రకారము, పల్లపు నేలను బూడిదతో నింపుటకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి ఉండవలెను. అనుమతించిన స్థలములను, విస్తీర్ణమును, ఎంత బూడిద పోయవచ్చునో దానిని మండలి ఏటేట ప్రకటింపవలెను. ఇది తెలిసియుండుట మా సంఘమునకు అక్కరకు వచ్చినది. సభ్యుల ఇండ్లకును మగ్గపు షెడ్లకును మాకు కొంత పల్లపు నేల ఉన్నది. ఒక లారీ కాంట్రాక్టరు వచ్చి, ఒక్క పైసా అక్కరలేదు, దింపి చదును చేసి పోయెదననెను. అనుమతి చూపుమన్నాము. అతడు చూపిన కాగితము బూడిదను కేంద్రము నుండి ఎత్తుకొనిపోవుటకు ఇచ్చిన రసీదు. మా నేలపై పోయుటకు అది అనుమతి కాదు. ఈ రెండు కాగితములకు తేడా చూడకుండ సంతకము పెట్టినవారు ఇతర చోట్ల ఉన్నారని విన్నాను.

సర్వసభ్య సమావేశములో ఈ సంగతిపై పెద్ద వాదము జరిగినది. ఒక పెద్దాయన లేచి, "అబ్బాయీ, వానకాలమంతా గుంటలో నీళ్లు తోడుకొని మగ్గమెక్కుతున్నాము. ఎప్పుడో వచ్చే జబ్బుకు భయపడి ఇప్పుడు వచ్చే మెరకను పోగొడతావా?" అని అడిగిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. పల్లములో నేయువాని కష్టము ఆయనకు తెలిసినట్లు నాకు తెలియదు. కాని ఆయన చెప్పిన ఆ గుంట నీళ్లలోనే నా జవాబు కూడ ఉన్నది. గుంట మగ్గమునకు నేలను రెండడుగులకు పైగా తవ్వుదుము. మూడడుగుల బూడిద మెరకపై ఇల్లు కట్టి అందులో గుంట తీసినచో, నేతగాని కాళ్లు దినమంతయు బూడిద మధ్యనే ఉండును. వేసవిలో గుంట గోడలు రాలి, తొక్కుడు పలకల కదలికకు దుమ్ము లేచి ముక్కులోనికి, గంజిపెట్టిన పడుగు మీదికి వచ్చును. వానకాలములో ఊరు నీరు బూడిద గుండా వచ్చిన నీరే. దానిని చెంబుతో తోడి పెరటిలో పోయుదుము, అది బావివైపు పోవును. ఇతరుల ఇంట నేల క్రింద కప్పబడి ఉండు బూడిద మన ఇంట తెరువబడి ఉండును. గచ్చు నేల వేసికొని చౌకీ మగ్గము నేయువారికి ఈ బాధ కొంత తక్కువ. గుంట మగ్గపు ఇంటికి బూడిద మెరక ఏ విధముగను తగదని నా అభిప్రాయము.

చివరకు షెడ్ల మేరకు మొరపు మన్ను కొని మెరక చేయవలెనని, గోడలకు బూడిద ఇటుక వాడవలెనని తీర్మానమైనది. డబ్బు చాలక మిగిలిన నేల ఇంకను పల్లముగనే ఉన్నది. కార్యదర్శి మాట విని నష్టపోయితిమనువారు ఉన్నారు. వారి వాదము వారిది.

విద్యుత్ కేంద్రపు బూడిదకైనను ఏదో ఒక పరీక్ష, ప్రమాణము ఉన్నవి. మన పేటలలో సైజింగు, అద్దకపు కార్ఖానాల బాయిలర్ల బూడిదకు అవియు లేవు. పైన చెప్పిన ఉత్తర్వు విద్యుత్ కేంద్రములను గూర్చినదే. ఈ చిన్న బాయిలర్లలో బొగ్గుతోపాటు కట్టెలు, పొట్టు, కొన్ని చోట్ల చిరిగిన గోనెలు, ప్లాస్టిక్ సంచులు, రంగు డబ్బాల అట్టలు కూడ వేయుదురు. ఏమి కాలినదో తెలియని బూడిదలో ఏమి ఉన్నదో ఎవరు చెప్పగలరు? సగము కాలిన బొగ్గు నల్లగా మిగిలియుండుటచే ఇటుకలవారు దీనిని తీసికొనరు. అందువలన సందులలోను, బావి గట్లమీదను, పిల్లలు ఆడుకొను చోట్లను పడుచున్నది. ఆడవారు అంట్లకు తెచ్చుట, కూరపాదులకు వేయుట కూడ చూచితిని. అవి వెంటనే మానవలెను. కట్టెల బూడిద అలవాటు దీనికి అన్వయింపదు.

ఇదివరకే బూడిద మెరకపై ఇల్లు కట్టుకొన్నవారు భయపడి ఇల్లు విడువ నక్కరలేదు. బూడిదపై ఒక అడుగు మంచి మన్ను పరచి గట్టిగా దిమ్మిస వేయవలెను. గుంట ఉన్నచో నాలుగు ప్రక్కల, అడుగున ఇటుకతో కట్టి సిమెంటు పూత వేయించవలెను. రంగునీరు, సోడానీరు పెరటిలో పోయుట మాని కాలువకు మార్చవలెను. కొళాయి నీరు ఉన్నచో త్రాగుటకు, వంటకు అదే వాడవలెను.

మెరక వేయబోవుచోటికి దగ్గర బావి గాని బోరు గాని ఉన్నవారు, ఏ మన్ను పోసినను సరే, పోయుటకు ముందే నీటిని పరీక్షింపించి కాగితము దాచుకొనవలెను. తరువాత ఏదైన తేడా వచ్చినచో పూర్వపు సంగతి చూపుటకు అదొక్కటే ఆధారము. జిల్లా నీటి పరీక్షా కేంద్రములలో కొద్ది రుసుముతో ప్రజల నీటిని కూడ పరీక్షింతురు. ఊరికే నీటి పరీక్ష అనిన ఉప్పు, గట్టిదనము, ఫ్లోరైడు, క్రిములు మాత్రము చూచి పంపుట సామాన్యము. ఆర్సెనిక్, బోరాన్, సెలీనియమ్, సీసము చూడవలెనని దరఖాస్తులో పేర్లు వ్రాసి ఇవ్వవలెను. అక్కడ ఆ వసతి లేనిచో ఎక్కడ ఉన్నదో వారినే అడుగవలెను. సీసా వారివద్దనే తీసికొనుట మేలు. బోరు నీరైనచో ఐదు నిముషములు వదలి, తరువాత పట్టవలెను. సీసాపై బావి పేరు, తేది, నీటి లోతు వ్రాయవలెను. ఒకమారు వేసవి చివర, ఒకమారు వానలు వెలసిన తరువాత ఆశ్వయుజములో పట్టినచో రెండు కాలముల నీరు తెలియును.